మన కుక్కను మనం పట్టకూడదు

నేను నాలుగో తరగతి వరకే చదివాను. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఫోన్లు వచ్చాక ఉత్తరాలు కూడా మానేశాను. ఇది రాయడానికి కూర్చుంటే చేతులకు చెమట పడుతోంది. మా అమ్మాయి ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడితే దానికి అర్థమవుతుంది గాని చదవడం రాదు. అందుకని తప్పులు దిద్దేవాళ్ళు ఇంట్లో లేరు. చదివేవాళ్ళే సర్దుకోవాలి.

నా పేరు సింహాచలం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఒక తెలుగు ఆఫీసరు గారింట్లో పనికి ఢిల్లీ వచ్చాను. ఆయన కుక్కను రోజూ నేనే నడిపించేవాణ్ణి. ఆయనకు బదిలీ అయినప్పుడు, ఆ కుక్క నా పక్కన నడిచే తీరు చూసిన ఒక రిటైర్డ్ కర్నల్ నన్ను పిలిచి తన కెనెల్‌లో పెట్టుకున్నారు. కెనెల్ అంటే కుక్కలను ఉంచి, పెంచి, పిల్లలు తీసే చోటు. మెహ్రౌలీ అవతల ఆయనకు పెద్ద స్థలం ఉండేది. అక్కడే ఒక గది ఇచ్చారు. నేను, నా భార్య పైడమ్మ, అమ్మాయి ఆ గదిలోనే ఉండేవాళ్ళం. మొన్న మోకాళ్ళు మొరాయించి పని మానేసేదాకా నేను చేసిందంతా కుక్కల పనే.

సాకేత్‌లో కుక్కల డాక్టరు వాసంతి గారని గుంటూరావిడ ఉన్నారు. "సింహాచలం గారూ, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. మీరు నాకు చెప్పిన కబుర్లే రాసి పెట్టండి" అని రెండేళ్ళుగా వెంటపడ్డారు. ఆవిడ మాట తీసెయ్యలేక రాస్తున్నాను.

చేతులతో చూడటం

కుక్కల పనంటే కుక్కలను ముద్దు చెయ్యడమని చాలామంది అనుకుంటారు. అలా అనుకుని వచ్చినవాళ్ళు నెల తిరక్కుండా వెళ్ళిపోతారు. పొద్దున్నే గూళ్ళు కడగాలి, ఫినాయిలు చల్లాలి, ఏ కుక్క విరేచనం ఎలా ఉందో చూడాలి. మాంసం, అన్నం కలిపి పెద్ద డేగిసాలో ఉడకేసి, చల్లారాక ఒక్కో కుక్కకు దాని వంతు పెట్టాలి. ఏ కుక్క గిన్నె వదిలేసిందో గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత అసలు పని. ప్రతి కుక్కను మెడ నుంచి తోక దాకా రోజూ చేత్తో తడమాలి.

ఆ పని కర్నల్ సాబ్ నేర్పారు. చేరిన మొదటి వారంలో నా కళ్ళకు తువ్వాలు కట్టి, ఏడు కుక్కలను ఒక్కొక్కటిగా నా ముందుకు తెచ్చి, తడిమి ఏది ఏదో చెప్పమన్నారు. ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. మూడు నెలలయ్యాక ఏడూ చెప్పాను. కర్నల్ సాబ్‌కు తెలుగు రాదు, మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి. ఇక్కడ నాకొచ్చిన తెలుగులో రాస్తున్నాను.

"కళ్ళు యజమానివి, సింహా. ఆయన అందం చూసుకుంటాడు. చేతులు నీవి. నువ్వు నిజం చూడాలి" అనేవారు.

ఆ మాటను నేను ఎలా వమ్ము చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎండ పడే రింగు

క్లబ్బుల సంగతి చెప్పాలి. ఒక్కో జాతి కుక్కలవాళ్ళకు ఒక్కో క్లబ్బు ఉంటుంది. ఏ కుక్క ఎవరి బిడ్డో, ఏ ఆడదాన్ని ఏ మగదానికి కలపాలో, షో ఎప్పుడు పెట్టాలో వాళ్ళే చూస్తారు. మా కర్నల్ సాబ్ లాబ్రడార్ క్లబ్బుకు సెక్రటరీ. ఆల్సేషన్ క్లబ్బుకు కపూర్ మేడమ్. ఆవిడది ఓల్డ్ రాజిందర్ నగర్. కింద ఆవిడ, ఆవిడ కుక్కలు. పై అంతస్తుల్లో కోచింగుకు వచ్చిన పిల్లలు అద్దెకుండేవాళ్ళు. వాళ్ళు చదువుకుంటున్నప్పుడు కుక్కలు అరిస్తే ఆవిడ కుక్కలను తిట్టేది కాదు, పిల్లలనే తిట్టేది. రాట్‌వైలర్ క్లబ్బుకు గుడ్‌గావ్ చౌధురీ సాబ్. మెడలో ఆయన గొలుసు ఆయన కుక్క గొలుసు కంటే లావుగా ఉండేది.

ఈ ముగ్గురికీ పడేది కాదు. పెద్ద కారణాలేమీ లేవు. షోల్లో కుక్కలను జడ్జి ముందు నడిపించే బరిని రింగు అంటారు. చలికాలంలో ఎండ పడే రింగు ఎవరికి ఇవ్వాలన్నదే గొడవ. జనవరిలో నీడ రింగులో నిలబడ్డ కుక్క ముడుచుకుపోతుంది, నడక బాగుండదు, జడ్జి మార్కులు వెయ్యడు. దానికోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. ఒకసారి కపూర్ మేడమ్ ముందురోజే మనిషిని పంపి ఎండ రింగులో తన కుర్చీలు వేయించేసింది. కర్నల్ సాబ్ రెండేళ్ళు ఆవిడకు నమస్తే పెట్టలేదు.

కొత్తవాళ్ళకు నా మాట ఒకటే. క్లబ్బు మనుషుల తగువుల్లో పనివాడు దూరకూడదు. మన కుక్కకు జ్వరమొస్తే మందు అడగాల్సింది ఎదుటి క్లబ్బులో పనిచేసేవాణ్ణే. కపూర్ మేడమ్ దగ్గర కిషన్ అని ఒకతను ఉండేవాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకోని ఆ రెండేళ్ళూ మేమిద్దరం షోల్లో ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం.

లడ్డూ

వాళ్ళను ఒక్క చోట కూర్చోబెట్టింది భయం. నోయిడాలో ఒక పెద్ద సొసైటీలో రాట్‌వైలర్ ఒకటి పనిమనిషి చెయ్యి కరిచింది. ఆ కుక్కను పొద్దున్నుంచి రాత్రి దాకా బాల్కనీలో కట్టేసి ఉంచేవారట. పేపర్లో వచ్చింది. వారం తిరిగేసరికి చుట్టుపక్కల సొసైటీల గేట్ల మీద పెద్ద కుక్కలు వద్దని బోర్డులు పెట్టారు.

కర్నల్ సాబ్ మొదట పట్టించుకోలేదు. "మనది కాదు, చౌధురీ తలనొప్పి" అన్నారు. తర్వాత మా దగ్గర లాబ్రడార్ పిల్లను కొన్న ఒకాయన ఫోన్ చేశారు. వాచ్‌మన్ ఆయన కుక్కను లిఫ్టు ఎక్కనివ్వడం లేదట. ఇది లాబ్రడార్ భయ్యా, ఈగను కూడా కరవదంటే, "అన్నీ అలాగే చెబుతారు సాబ్" అన్నాడట. ఆ రోజే కర్నల్ సాబ్ కపూర్ మేడమ్‌కు ఫోన్ చేశారు. "మేడమ్, వాచ్‌మన్‌కు జాతులు తెలియవు. అతనికి మనమంతా ఒకటే" అన్నారు.

ముగ్గురూ కలిసి ఆ నోయిడా సొసైటీ పార్కులోనే ఒక ఆదివారం కుక్కలను తెచ్చి జనానికి చూపించాలనుకున్నారు. ఏ కుక్కలను తేవాలన్న దగ్గర మళ్ళీ తగువు. చౌధురీ సాబ్ తన ఛాంపియన్‌ను తెస్తానన్నారు. పెద్దవాళ్ళ ముందు నేను నోరు తెరిచింది అదే మొదటిసారి.

"సాబ్, ఛాంపియన్ వద్దు. లడ్డూను తెండి" అన్నాను.

లడ్డూ ఆయన దగ్గరున్న ముసలి ఆడ రాట్‌వైలర్. ఎనిమిది ఈతలు ఈనింది. పొట్ట నేలకు ఆనుతూ ఉండేది.

"లడ్డూనా? దాన్ని చూస్తే నా క్లబ్బు పరువేమవుతుంది?" అన్నారు చౌధురీ సాబ్.

"పరువు సంగతి నాకు తెలీదు సాబ్. పిల్లలు మీద పడితే అది కదలదు."

పార్కులో లడ్డూ రెండు గంటలు అలాగే పడుకుంది. పిల్లలు చెవులు లాగారు, బిస్కెట్లు పెట్టారు. సొసైటీ సెక్రటరీ ఆంటీ దూరం నుంచి చాలాసేపు చూసి దగ్గరికి వచ్చింది.

"ఇది కూడా ఆ జాతేనా?"

"ఆ జాతే ఆంటీ. పేరు లడ్డూ."

"కరవదా?"

"కట్టేసి వదిలేస్తే ఏదైనా కరుస్తుంది ఆంటీ. మీ సొసైటీ కుక్కను రోజూ ఎవరైనా నడిపించేవారా?"

ఆవిడ వెళ్ళి బోర్డు తీయించింది. కుక్క గేటు దాటితే యజమాని చేతిలో గొలుసు ఉండాలని, బాల్కనీలో కట్టేసి వెళ్ళకూడదని కొత్త బోర్డు రాయించింది. నా లెక్కలో అది మంచి బోర్డు.

సాకేత్ ఆదివారాలు

ఆ పార్కు రోజు తర్వాత ముగ్గురూ కలిసి టీ తాగడం మొదలుపెట్టారు. అలా తాగుతున్నప్పుడే కపూర్ మేడమ్ తొంటి కీళ్ళ సంగతి ఎత్తింది. పెద్ద జాతుల్లో కొన్నిటికి తొంటి కీలు పుట్టుకతోనే సరిగ్గా కూర్చోదు. చిన్నప్పుడు కనపడదు. పెరిగేకొద్దీ నొప్పి మొదలై కుక్క లేవలేదు, మెట్లెక్కలేదు. తండ్రికో తల్లికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

"మనం కాటుకు జవాబు చెప్పాం. కుంటి పిల్లలను అమ్ముతున్నామని రేపు జనం అంటే ఏం చెబుతాం?" అంది మేడమ్.

ముగ్గురూ ఒక కట్టుబాటు చేసుకున్నారు. పిల్లలు తీసే ప్రతి కుక్కకూ తొంటి ఎక్స్‌రే తీయించాలి. నెలకొక ఆదివారం మూడు క్లబ్బుల కుక్కలనూ సాకేత్‌లో వాసంతి గారి క్లినిక్‌కు తేవాలి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా మూడు క్లబ్బుల పత్రికల్లోనూ అచ్చు వెయ్యాలి. తొంటి బాగాలేని కుక్కను జత కట్టించకూడదు.

అందరూ సరేనన్నారు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది.

మా దగ్గర రాజా అనే మగకుక్క ఉండేది. పసుపు రంగు లాబ్రడార్. మా క్లబ్బులో సగం ఈతలకు తండ్రి అదే. పంజాబు నుంచి, రాజస్థాన్ నుంచి దాని కోసం ఆడకుక్కలను తెచ్చేవారు. కర్నల్ సాబ్ పేరంతా దాని మీదే నిలబడి ఉంది. ఏడాదిగా నా చేతులకు ఒక తేడా తెలుస్తోంది. రాజా వెనక తొడల కండ తగ్గుతోంది. చలి పొద్దుల్లో లేచేటప్పుడు బరువంతా ముందు కాళ్ళ మీద వేసి, వెనక భాగాన్ని తర్వాత లాక్కునేది. ఈ సంగతి నేను కర్నల్ సాబ్‌కు చెప్పలేదు. చెప్పకపోవడం నా మొదటి తప్పు. రెండోది ఇంకా పెద్దది.

రాజాకు ఒక తోబుట్టువు ఉండేది, బాద్షా. రెండూ ఒక్క ఈతలోవే. బాద్షా ముక్కు కొంచెం గులాబీ రంగులో ఉండేది, అందుకని షోలకు పనికిరాలేదు. మిగతా అంతా అచ్చం రాజానే. ఇప్పట్లా చర్మం కింద చిప్పు పెట్టే అలవాటు అప్పుడు మాకు లేదు. కాగితం మీద పేరు, తెచ్చినవాడి మాట, అంతే.

మా వంతు ఆదివారం కర్నల్ సాబ్‌కు ఇంకేదో పని పడింది. "నువ్వే తీసుకెళ్ళు సింహా" అన్నారు. నేను గూళ్ళ దగ్గరికి వెళ్ళి, బాద్షాకు గొలుసు తగిలించి బండెక్కించాను.

ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే చేశాను.

వాసంతి గారు దానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ఎక్స్‌రే ఒంటికి తగలకుండా సీసం ఏప్రాన్ వేసుకుని, దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు రెండూ సమానంగా చాచి పట్టుకున్నది నేనే. ఆవిడ ఎక్స్‌రే ప్లేటు వెలుతురులో పెట్టి చూసి సంతోషపడ్డారు.

"ఈ వయసులో ఇంత మంచి కీళ్ళు అరుదు సింహాచలం గారూ. రాజా నిజంగా రాజానే" అన్నారు.

"అవునమ్మా" అన్నాను.

ఫలితం మూడు పత్రికల్లోనూ అచ్చయింది.

మునిర్కా ఫ్లాటు

ఆ తర్వాత రాజాకు పుట్టిన ఈతలో ఒక ఆడ కుక్కపిల్లను మునిర్కాలో సర్కారు కట్టిన డీడీఏ ఫ్లాట్లలో ఉండే మూర్తి గారికి నేనే ఇప్పించాను. ఆయన ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. భార్య లక్ష్మి గారు, రాజమండ్రి వాళ్ళు. పిల్లలు లేరు. ఆవిడ అచ్చయిన కాగితం అడిగి మరీ చదువుకుంది. "తండ్రి తొంటి ఎక్సలెంట్ అని రాశారు చూడండి" అని మూర్తి గారికి చూపించింది. పిల్లకు బుజ్జి అని పేరు పెట్టుకున్నారు.

ఎనిమిది నెలలకు ఆవిడ కబురు చేస్తే వెళ్ళాను. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. తలుపు తియ్యగానే బుజ్జి నన్ను చూసి లేవబోయింది. రెండు వెనక కాళ్ళూ ఒకేసారి, కుందేలులా గెంతింది. రెండడుగులు గెంతి కూలబడింది. నేను వంగి తొడలు తడిమాను. రాజా తొడలే.

"మెట్లు దిగలేకపోతోంది సింహాచలం. నేనే ఎత్తుకుని దింపుతున్నాను, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నా నడుం పోయింది. ఎదురింటావిడ నవ్వుతోంది, ఏంటి లక్ష్మీ, కూతుర్నెత్తుకున్నట్టు ఎత్తుకున్నావ్ అని. కాగితం చూసే కదా తెచ్చుకున్నాం? నేనేమైనా తప్పు తిండి పెట్టానంటావా?"

తప్పు తన తిండిదేమోనని ఆవిడ నెలరోజులుగా కుమిలిపోతోంది.

"తిండి కాదమ్మా" అన్నాను. ఇంకేమీ చెప్పకుండా వచ్చేశాను.

ఇంటికొస్తే ఇంకో వార్త. కర్నాల్ నుంచి ఒక ఆడకుక్కను ఆ శుక్రవారం రాజా దగ్గరికి తెస్తున్నారు. ఇంకో ఈత. ఇంకో ఎనిమిదో పదో పిల్లలు. ఏ ఇళ్ళకు పోతాయో, ఎవరు ఎత్తుకుని దింపుతారో.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. పైడమ్మ అడిగితే చెప్పేశాను. అది కంచం నా వైపు జరిపింది.

"సెప్పీయ్. గది పోతే పోద్ది. నువ్విలగ కూడు మానేస్తే మాత్రం గదేటి సేసుకుంటాం?" అంది.

మొదటి జవాబు, రెండో జవాబు

మర్నాడు పొద్దున్న కర్నల్ సాబ్ కుక్కల తిండి చూడటానికి వచ్చినప్పుడు చెప్పాను. నిలబడి, చేతులు కట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా. రాజా తొడలు, బాద్షా, ప్లేటు, బుజ్జి. ఆయన అంతా విన్నారు. అయ్యాక అడిగారు.

"ఎందుకు చేశావు?"

"మీ పరువు పోతుందని సాబ్."

"నా పరువు నేను చూసుకోలేనా? నిజం చెప్పు."

"నా గది పోతుందని సాబ్. రాజా లేకపోతే కెనెల్ మూసేస్తారు, మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారు అనుకున్నాను."

"మొదటిది అబద్ధం. రెండోది నిజం. ఠీక్ హై" అన్నారు.

రాజా గూడు దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. అది లేచి ఆయన దగ్గరికి రావడం చూశారు. ముందు కాళ్ళు, తర్వాత వెనకవి. రోజూ చూసే కుక్కే. ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశారు. తర్వాత తొడల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

"నేను కూడా తడమడం మానేశాను" అన్నారు. అది నాతో అన్నారో తనలో తాను అనుకున్నారో తెలియదు.

ఫోను తెమ్మని కర్నాల్ వాళ్ళకు రావద్దని చెప్పారు. తర్వాత కపూర్ మేడమ్‌కు చేశారు. "ఈ ఆదివారం నా కుక్కను పట్టడానికి మీ కిషన్‌ను పంపండి. ఎందుకో ఆ సాయంత్రమే మీ ఇంటికొచ్చి చెబుతాను" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బెంచీ మీద

ఆదివారం సాకేత్‌లో నన్ను లోపలికి రావద్దన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. కిషన్ రాజాను లోపలికి తీసుకెళ్తూ, "ఏమైంది సింహా? నీ చెయ్యి విరిగిందా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

కాసేపటికి వాసంతి గారు తలుపు తీసుకుని వచ్చారు. చేతిలో తడి ఆరని ప్లేటు.

"పోయినసారి నేను తీసింది ఈ కుక్కకు కాదు కదూ?"

"కాదమ్మా. నానే మార్చీసినాను."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆ తలుపు మూసుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత కర్నల్ సాబ్ కిషన్‌తో బయటికి వచ్చి, ప్లేటు ఎండ వెలుతురుకు పట్టి చూశారు. రెండు తొంట్లూ పోయాయి, ఎడమది మరీను. ఆయన ముఖం మాడిపోయింది. కిషన్ తల దించుకున్నాడు. నాకు మాత్రం ఏడాదిగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. చెడ్డ ఫలితం వచ్చినందుకు అక్కడ హాయిగా ఉన్నది నేనొక్కణ్ణే. అలా ఉన్నందుకు సిగ్గు కూడా వేసింది. రెండూ నిజమే.

సాయంత్రం కపూర్ మేడమ్ ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. కర్నల్ సాబ్ ప్లేటు బల్ల మీద పెట్టి, "నా మనిషి తప్పు చేశాడు. నా మనిషి కాబట్టి అది నా తప్పు. రాజా ఇక జత కట్టదు. దాని పిల్లల యజమానులందరికీ నేనే ఉత్తరం రాస్తాను. అచ్చు వేసుకోండి" అన్నారు. నన్ను చెప్పమన్నారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి కొంచెం తేలికైంది.

ఎండ రింగు కోసం కొట్టుకున్న మనుషులు. ఇక మేడమ్ వదలదనుకున్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. ఏదో సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. రెండు ప్లేట్లు తెచ్చి రాజా ప్లేటు పక్కన పెట్టింది.

"నా రెండు ఆడవాటివి. మన ఆదివారాలకు ముందే వేరే చోట తీయించాను. బాగాలేవు. అందుకే వాటిని సాకేత్ తేలేదు" అంది.

"కట్టుబాటు పెట్టిందే మీరు కదా" అన్నారు కర్నల్ సాబ్.

"పెట్టిందాన్ని నేనే. దాచిందాన్ని కూడా నేనే. ఏం చెయ్యమంటారు?"

చౌధురీ సాబ్ మెడలో గొలుసు సర్దుకున్నారు. "నా దగ్గర మూడున్నాయి. కారులో. డిక్కీలో తిప్పుతున్నాను, ఇంట్లో పెడితే మా ఆవిడ చూస్తుందని."

ముందు కపూర్ మేడమ్ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. కర్నల్ సాబ్ నవ్వడం ఆ వారంలో అదే మొదలు. అప్పటిదాకా ఎవరికి వాళ్ళు తమ కుక్కే చెడ్డదని, ఎదుటివాళ్ళవన్నీ బంగారమని అనుకుని దాచుకున్నారు. నిజానికి అందరి ఇళ్ళలోనూ ప్లేట్లు దాగి ఉన్నాయి.

ఆ రోజే కొత్త నియమం పెట్టారు. ఎక్స్‌రే బల్ల మీద ఎవరి కుక్కను వాళ్ళు పట్టకూడదు. లాబ్రడార్లను ఆల్సేషన్ క్లబ్బు మనిషి పట్టాలి, ఆల్సేషన్లను మేము పట్టాలి. పట్టేవాడు ముందు ఆ కుక్కను తల నుంచి తోక దాకా తడిమి, గుర్తులు చెప్పాలి. చిప్పులు వచ్చాక కూడా ఆ నియమం తీసెయ్యలేదు. ఆల్సేషన్లను పట్టే పని నాకే ఇచ్చారు. కర్నల్ సాబ్ వద్దంటారనుకున్నాను. "ఒకసారి కాలినవాడు జాగ్రత్తగా ఉంటాడు" అన్నారు. గది ఖాళీ చెయ్యమనలేదు. రెండు నెలలు కుక్కల సంగతి తప్ప నాతో వేరే మాట మాట్లాడలేదు. అది నాకు తగిన శిక్షే.

కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. యజమాని పేరు కాపాడుతున్నామని మనం చెప్పే అబద్ధాల్లో చాలావరకు మన కూడు కాపాడుకోవడానికే. అందులో తప్పేమీ లేదు, మనిషికి కూడు కావాలి. కాని ఆ అబద్ధాన్ని మోసేది మనం కాదు. ఎక్కడో మూడో అంతస్తులో ఒకావిడ మోస్తుంది.

మెట్లు

లక్ష్మి గారికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. కర్నల్ సాబ్ తాను వస్తానన్నారు. నేనొక్కణ్ణే వెళ్తానన్నాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"తప్పు మీ తిండిది కాదమ్మా. కాగితం అబద్ధం. ఆ అబద్ధం నాదే."

ఆవిడ బుజ్జి పక్కన నేల మీద కూర్చుని విన్నది. ముఖం ఎర్రబడింది.

"నెల రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు తెలుసా? పెరుగన్నం పెట్టడం వల్లేమో, గచ్చు జారడం వల్లేమోనని."

"తెలుసమ్మా."

"ముందే చెప్పుంటే దీన్ని తెచ్చుకునేవాళ్ళం కాదు." బుజ్జి తల ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడ చెయ్యి దాని చెవి మీద ఆగింది. "అప్పుడు దీన్నెవరు తీసుకునేవాళ్ళు? అది కూడా తలుచుకోలేకపోతున్నాను. నీ మీద కోపం తెచ్చుకుందామంటే సగంలో ఆగిపోతోంది, పో."

నేను నిలబడే ఉన్నాను.

"ఏం నిలబడ్డావ్? నా నడుం పోయిందని చెప్పానుగా. రేపు ఆరున్నరకు రా. దింపడం, ఎక్కించడం నీ పని."

ఆపరేషన్ వాసంతి గారు చేశారు. తొంటి బంతి అరిగిపోయిన వైపు దాన్ని కోసి తీసేస్తారు. తర్వాత కండే కీలులా పట్టుకుంటుంది. బరువు పెరగకూడదు, మెల్లగా నడిపించాలి, రోజూ కాలు చాపి ముడిచి పట్టాలి. ఆ చలికాలమంతా పొద్దున, సాయంత్రం మెహ్రౌలీ నుంచి బస్సెక్కి మునిర్కా వెళ్ళాను. మధ్యాహ్నం పూట ఆఫీసు నుంచి మూర్తి గారు వచ్చి చూసుకునేవారు. ఇరవై నాలుగు కిలోల కుక్కను మూడంతస్తులు దింపి, నడిపించి, మళ్ళీ ఎక్కించేవాణ్ణి. మొదట్లో లక్ష్మి గారు తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయేది. నెల గడిచాక టీ ఇచ్చింది. ఇంకో నెలకు, "పైడమ్మను కూడా తీసుకురా ఒకరోజు" అంది.

హోలీకి వారం ముందనుకుంటాను. రోజూలాగే ఆరున్నరకు వెళ్ళాను. తలుపు తీసి ఉంది. నేను వంగి, రెండు చేతులూ చాచాను. బుజ్జి నా చేతులను వాసన చూసింది. చూసి పక్కకు తప్పుకుని మొదటి మెట్టు మీద ముందు కాళ్ళు పెట్టింది. ఆగింది. వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. గెంతలేదు.

"అయ్యో, పడిపోతుందేమో చూడు" అంది లక్ష్మి గారు.

"ఒగ్గీండమ్మా, దాన్ని దిగనీండి" అన్నాను.

అది దిగుతూ పోయింది. ఒక్కో మలుపు దగ్గర ఆగి, గోడకు ఒళ్ళు ఆనించి, మళ్ళీ దిగింది. నేను వెనక నాలుగు మెట్ల దూరంలో, ఖాళీ చేతులతో నడిచాను. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరి మలుపు దగ్గర అది నన్ను వదిలేసి పరుగెత్తింది.

కింద మూర్తి గారు స్కూటరు తుడుచుకుంటున్నారు. ఒట్టి చేతులతో దిగి వచ్చిన నన్ను చూసి గుడ్డ ఆపేశారు.

"కుక్కేదయ్యా?" అన్నారు కంగారుగా.

అది ఆయన వెనక గడ్డిలో వెల్లకిలా దొర్లుతోంది.